ఊఁ కొట్టే ఉద్యోగం

నోరు జారిన మాటను వెనక్కి తీసుకోలేమని పెద్దలు చెప్పారు. మా ఊరి డిగ్రీ కాలేజీ పాలకవర్గం ఆ విషయం మీద ఒక పూటంతా చర్చించి, తీసుకోవచ్చని, తీసుకున్న మాటను భద్రపరిచి వెలకట్టి అమ్మవచ్చని తీర్మానించింది. పెద్దల కాలంలో రికార్డింగు లేదు కాబట్టి వాళ్లను తప్పుపట్టనక్కర్లేదని కూడా మినిట్స్‌లో రాసుకున్నారట.

అప్పటికి నేను ఆ కాలేజీ హాస్టలు మేడ మీద అప్పడాలూ వడియాలూ ఎండబెట్టుకునేదాన్ని. మెస్సుకు అవి ఇచ్చేది నేనూ, మా పక్కింటి దాలమ్మా. మేడ మీద నిలబడితే కాలేజీ మొత్తం కనిపిస్తుంది. మైకు పెడితే మొత్తం వినిపిస్తుంది. కాబట్టి ప్రిన్సిపాల్ డాక్టర్ ఉమామహేశ్వరం గారి ప్రసంగం మేము వడియాలు తిరగేస్తూనే విన్నాం.

"అధ్యాపకుని వాక్కు ఇంతకాలం ఆరుబయట పారబోసిన పాలవలె వృథా అయింది. ఇకమీదట ప్రతి బొట్టునూ పట్టి నిలవ చేస్తాం. వాక్కు ఈ కళాశాల స్థిరాస్తి" అన్నారాయన.

కామర్సు బెహరా గారు లేచి, వాక్కు గాలిలో కదులుతుంది కాబట్టి అది చరాస్తి అవుతుందని మనవి చేశారు. స్థిరమో చరమో తేల్చడానికి అక్కడికక్కడే ఒక ఉపసంఘం ఏర్పడింది. దానికి 'వాక్సంపద పరిరక్షణ సంఘం' అని పేరు పెట్టి, సవరణ చెప్పిన పాపానికి బెహరా గారినే కన్వీనరుగా వేశారు.

పద్ధతి చాలా సులువు. మాస్టార్లు పాఠాలను కెమెరా ముందు చెబుతారు. విద్యార్థులు రుసుము కట్టి ఫోనులో కాలేజీ యాప్ పెట్టుకుని వింటారు. అయితే క్లాసులో ఊరికే వినే పాఠాన్ని డబ్బిచ్చి ఎవరు కొంటారని ఎవరో అడిగారు. బెహరా గారు ఆ సంగతి ముందే ఆలోచించారు. సంతలో మామిడిపళ్ల వాడు ఒక ముక్క కోసి రుచి చూపిస్తాడు గాని బుట్టెడూ తినిపించడు కదా అన్నారు. అప్పటి నుంచి క్లాసులో ముక్క మాత్రమే.

ఫిజిక్సు మాస్టారు రాయిని పైకి విసిరి, అది కింద పడగానే, ఎందుకు పడిందో చెప్పకుండా పుస్తకం మూసేవారు. చరిత్ర మాస్టారు రాజుని గుర్రం ఎక్కించి, కత్తి చేతికిచ్చి, యుద్ధభూమిలో వదిలేసి వచ్చేవారు. ఎవరు గెలిచారో యాప్‌లో ఉంటుంది. వరండాలో ఎవరైనా సందేహం అడిగితే మాస్టార్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తప్పుకునేవారు. ఇంగ్లీషు మేడం గారయితే గుడ్ మార్నింగ్ చెప్పిన పిల్లలకి తల మాత్రం ఊపేవారు. ఆమె ఉచ్చారణ కూడా ఆస్తి కిందికే వస్తుందని సంఘం తేల్చింది మరి.

మాట్లాడ్డానికి జీతమిచ్చే ఉద్యోగంలో మాట్లాడకుండా ఉండడానికి ఇంత కష్టపడుతున్నారు పాపం అని దాలమ్మ జాలిపడింది. పిల్లలు క్లాసులకి రావడం మానేశారు. రుచి చూసిన ముక్కనే రోజూ ఎవరు చూస్తారు?

ఇంతవరకూ అంతా సవ్యంగానే నడిచింది. చిక్కంతా భూగోళం మాస్టారు తవిటినాయుడు గారితో వచ్చింది.

ఆయన మంచి మాస్టారని పిల్లలందరూ అనేవారు. కాని ఆయనకి ఒక అలవాటు. ఎదురుగా ఒక ముఖాన్ని ఎంచుకుని, దానికే పాఠం చెబుతారు. సగం మాట చెప్పి ఆగుతారు. ఆ ముఖం ఊఁ అంటేగాని మిగతా సగం రాదు. అమ్మమ్మ కథ చెబుతుంటే మనవలు ఊఁ కొట్టాలి, లేకపోతే కథ అక్కడే నిద్రపోతుంది. ఆయన అమ్మమ్మ దగ్గర పెరిగారట.

రికార్డింగు గది అంటే పాత జువాలజీ మ్యూజియం. పాముల సీసాలు గోడవారకి జరిపి, ఒక ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు. తవిటినాయుడు మాస్టారు దాని ముందు నిలబడి, "అల్పపీడనం అంటే ఏటంటే" అని ఆగారు. కెమెరా వైపు చూశారు. కెమెరా ఊఁ అనలేదు. సీసాలో ఉన్న నాగుపాము వైపు చూశారు. అదీ అనలేదు. పీరియడు అయిపోయే వరకూ ఆయన అలాగే నిలబడ్డారు.

రికార్డయినదాన్ని యాప్‌లో పెట్టి తీరాలని నిబంధన. పెట్టారు. కొందరు కొన్నారు కూడా. కొన్నవాళ్లు వచ్చి గొడవ చేస్తే, సంఘం సమావేశమై, గంటసేపటి మౌనానికి ధర ఎంత ఉండాలని చర్చించింది. మౌనం తమ సిలబస్‌లోది కాబట్టి అమ్మకంలో తమకూ వాటా రావాలని ఫిలాసఫీ డిపార్టుమెంటు అర్జీ పెట్టింది.

ఇది నవ్వుకునే సంగతే గాని, మాస్టారికి మాత్రం నవ్వులాట కాదు. ఇన్‌స్పెక్షన్ బృందం వచ్చేలోపు పాఠాలన్నీ రికార్డు కాని సబ్జెక్టును ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ గారు సర్క్యులర్ పంపారు. భూగోళం ఎత్తేస్తే మాస్టారిని ఏం చేస్తారంటే, ఆ సబ్జెక్టులో నీళ్ల గురించి పాఠం ఉంది కాబట్టి హాస్టలు వాటర్ ట్యాంకు అజమాయిషీ అప్పగిస్తారట. ఆ ట్యాంకు మేము వడియాలు పెట్టే మేడ మీదే ఉంది. ఒకరోజు ఆయన మెట్లెక్కి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, మూత ఎత్తి లోపలికి చూసి, దిగి వెళ్లిపోయారు. పెళ్లిచూపుల్లో నచ్చని సంబంధాన్ని చూసి వెళ్లినట్టు వెళ్లారంది దాలమ్మ.

మాస్టారి ఎదుట ఊఁ కొట్టడానికి ఒక మనిషి కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ మనిషి ఎవరన్నదే ప్రశ్న. విద్యార్థిని కూర్చోబెడితే పాఠం ఊరికే వింటాడు, అది చోరీ. అటెండరు కొడుకు ఇక్కడే చదువుతున్నాడు, పాఠం ఇంటికి మోసుకుపోతాడు. తోటి మాస్టార్లు వింటే మేధోసంపత్తి శాఖాంతర బదిలీ అవుతుంది. చివరికి బెహరా గారు సూత్రం కనిపెట్టారు. వినికిడి బాగా ఉండి, విన్నది బొత్తిగా అర్థం కాని వ్యక్తి కావాలి. ఆ పోస్టుకి 'అనవగాహక శ్రోత' అని పేరు పెట్టి గేటుకి నోటీసు అంటించారు.

నేనూ దాలమ్మా ఇద్దరం వెళ్లాం. మాకంటే ముందు రిటైరయిన పోస్టుమాన్ గారు వెళ్లారు. ఆయన్ని ఏదో దేశం రాజధాని అడిగితే చెప్పేశారు. అర్హత అధికమైనందున పంపించేశారు. తరవాత దాలమ్మ. అల్పపీడనం అంటే తెలుసా అని బెహరా గారు అడిగారు.

"అదొస్తే వొడియాలెండవు బావూ" అంది దాలమ్మ.

సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. పాక్షిక పరిజ్ఞానం ఉన్నట్టు నమోదు చేసి ఆమెనీ పంపించేశారు.

నన్నూ అదే అడిగారు. నాకు నిజంగానే తెలియదు, తెలియదన్నాను. బెహరా గారు సంతోషించి, చదువు వచ్చా అని మాటవరసకి అడిగారు. పెద్దయ్యాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాననీ, కూడబలుక్కుని పేపరు చదువుతాననీ చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశారు. అక్షరాస్యత ప్రమాదం, రేపు బోర్డు మీది మాటలు చదివేస్తే ఎవరిది పూచీ అన్నారు. నా ఉద్యోగం అక్కడితో పోయేదే. ప్రిన్సిపాల్ గారు కాపాడారు.

"చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు బెహరా గారూ. మన విద్యార్థులే అందుకు నిదర్శనం."

'ఈమెకు ఏమియు అర్థము కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది' అని సీలు వేసి నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. దాలమ్మకి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "నాకు మాత్రం అర్థమవుద్దని ఎవులు సెప్పేరు వీళ్లకి" అని రెండు రోజులు మాట్లాడలేదు.

మర్నాడు పాముల సీసాల మధ్య ఒక స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టారు. మాస్టారు నన్ను చూడగానే ఎండలోంచి నీడకి వచ్చిన మనిషిలా అయ్యారు.

"ఏటమ్మా పారమ్మా, ఇంటన్నావా?"

"ఇంటన్నాను బావూ."

"అయితే ఊఁ అను."

ఊఁ అన్నాను. ఇక చూడండి. సముద్రం వేడెక్కి దాని మీది గాలి పైకి లేచిపోవడం, ఆ ఖాళీలోకి నాలుగు పక్కల నుంచీ గాలి పరుగెత్తుకు రావడం, వచ్చే గాలి తిన్నగా రాకుండా పక్కకి ఒరిగి సుడి తిరగడం, ఇదంతా ఆయన నా కళ్లలోకి చూస్తూ చెప్పారు. ఎందుకు ఒరుగుతుందంటే భూమి తిరుగుతోంది కాబట్టి. తిరగలి చూశావు కదా, రాయంతా గిర్రున తిరుగుతుంటే నడుమ ఉన్న మేకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది కదా, తుఫాను నడుమ కూడా అలాగే గాలి లేకుండా ప్రశాంతంగా ఉంటుందన్నారు. నేను ఊఁ అన్నాను. నా బతుకులో సగం తిరగలి తిప్పడంతోనే గడిచింది. అందులో ఇంత ఉందని నాతో ఎవరూ చెప్పలేదు.

భూగోళం పాఠాలు బాగా అమ్ముడుపోయాయి. అదే నాకు ముప్పయింది. బెహరా గారు రికార్డులన్నీ కూర్చుని విని, నాకు మెమో ఇచ్చారు. నిబంధనల ప్రకారం నా ఊఁ శుద్ధ ప్రోత్సాహకంగా ఉండాలట. 'రుతుపవనాల పాఠంలో మీరు పలికిన ఊఁ నందు గ్రహింపు ఛాయలు గోచరించుచున్నవి. సంజాయిషీ ఇవ్వవలెను.' అది ఊఁ కాదు, గొంతు సవరించుకున్నానని చెప్పాను. ఇకముందు గొంతు పాఠం తరవాత సవరించుకోమన్నారు.

కాని ఆయన అనుమానం నిజమే. నాకు అర్థమవడం మొదలైంది. నేను కావాలని చేసింది కాదు. మేడ మీద నిలబడితే మబ్బులు ఎటు నుంచి వస్తున్నాయో కళ్లు వాటంతట అవే చూసేవి. ఒకరోజు ఎండ ఫెళ్లున కాస్తుంటే నేను వడియాలు ఎత్తేశాను. దాలమ్మ నవ్వింది. సాయంత్రానికి వాన కొట్టింది. నీకెలా తెలిసిందే అంటే, మోకాళ్లు నొప్పెట్టాయని చెప్పి తప్పించుకున్నాను.

మాస్టారితోనే ఇంకా కష్టం. రికార్డింగు ఆపగానే ఆయన "అర్థమయిందా?" అని అడిగేవారు. ఏ మాస్టారయినా అడిగే మాటే. నేను తలుపు వైపు చూసి, లేదు బావూ అనేదాన్ని. ఆయన ముఖం వాడిపోయేది. మర్నాడు అదే సంగతి ఇంకా తేలిగ్గా చెప్పేవారు. అలా చెబితే నాకు ఇంకా బాగా అర్థమయ్యేది.

పాఠాలు పూర్తి కావస్తుండగా, నాకు ఇప్పటికీ ఏమీ అర్థం కావడం లేదని మళ్లీ నిర్ధారించాలని సంఘం నోటీసు ఇచ్చింది. అర్థమైందని తేలితే నా ఒక్కదాని ఉద్యోగం పోయి ఊరుకోదు. అర్థమయ్యే మనిషి ఎదుట చెప్పిన పాఠాలన్నీ కారిపోయిన సరుకు కింద లెక్క. అవన్నీ రద్దవుతాయి. ఇన్‌స్పెక్షన్ వారం రోజుల్లో ఉంది. భూగోళం పోతుంది, మాస్టారు ట్యాంకు ఎక్కుతారు. కాబట్టి నేను ఏమీ తెలియనిదానిలా ఉండాలి. బతుకంతా తెలియనిదానిలా ఉండడం నాకు అలవాటే గాని, తెలిశాక అలా ఉండడం కొత్త.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఆకాశం మూసుకుని ఉంది. సముద్రంలో అల్పపీడనం పట్టిందని ఫోన్లలో వచ్చింది. కరెంటు పోయింది. ప్రిన్సిపాల్ గారు సమావేశం హాలు కిటికీలన్నీ తెరిపించారు. సెలవు ఇస్తారేమో తెలుసుకుందామని పిల్లలంతా వరండాలో చేరారు. ఆయన పాఠాల మీదే విచారణ కాబట్టి తవిటినాయుడు మాస్టారిని కూడా పిలిచి ఒక పక్కన కూర్చోబెట్టారు.

తుఫాను నడిమధ్యలో గాలి ఎలా ఉంటుందని బెహరా గారు అడిగారు. తెలీదు బావూ అన్నాను. ఆయన రాసుకున్నారు. మాస్టారు కుర్చీలో కదిలారు. గాలి ఎందుకు తిరుగుతుందన్నది బెహరా గారి రెండో ప్రశ్న. దేవుడు తిప్పుతాడన్నాను. బెహరా గారు సంతృప్తిగా రాసుకుంటుంటే మాస్టారు లేచి నిలబడ్డారు.

"అలా అడిగితే ఆమెకి తెలీదండి. పారమ్మా, తిరగలి సంగతి సెప్పు."

నేను నేల చూశాను.

"బయపడకు. నడుమన మేకు ఏటి సేస్తాది?"

"గురుతు నేదు బావూ."

"గురుతు నేకపోడవేటి? అన్నిసార్లు సెప్పేనే." ఆయన ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "సార్, ఈమెకి తెలుసు. నా పాఠం అర్థం కానేదంటే నేనొప్పుకోను."

బెహరా గారు ఆయన్ని సముదాయించారు. "మాస్టారూ, ఆవేశపడకండి. ఆవిడకి అర్థం కాకపోవడమే మీ విజయం. మీ ఉద్యోగం దాని మీదే నిలబడి ఉంది."

"అదేం విజయమండీ" అన్నారు మాస్టారు. "ట్యాంకు కాడికి పంపించండి, ఎల్తాను. నాను సెప్పింది బుర్రకెక్కలేదని మాత్రం రాసుకోకండి. అర్థం కాకపోతే మల్లీ సెప్తాను. అల్పపీడనం అంటే ఏటంటే" అని మొదలుపెట్టి, సగంలో ఆగి నా వైపు చూశారు.

నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను. బయట కొబ్బరిచెట్లు ఒక్కసారిగా అటు ఒరిగాయి.

"ఊఁ" అన్నారెవరో.

చూస్తే ప్రిన్సిపాల్ గారు.

ఇక మాస్టారిని ఆపేవాళ్లు లేరు. హాలు మధ్యలోకి వచ్చేశారు. సముద్రాన్ని ఎడమచేత్తో చూపించి, గాలిని కుడిచేత్తో తిప్పుతూ, తన చుట్టూ తనే తిరుగుతూ చెప్పారు. ఆయన ఆగిన చోటల్లా ఎవరో ఒకరు ఊఁ అంటున్నారు. బెహరా గారు కూడా అన్నారు, నేను చూశాను. సెలవు కోసం వచ్చిన పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని కిక్కురుమనకుండా వింటున్నారు.

తుఫాను నడిమి భాగం, అదే దాని కన్ను, మన మీదికి రాగానే గాలి ఆగిపోతుంది కదా అని ప్రిన్సిపాల్ గారు మధ్యలో అడిగారు. "మాకు సముద్రం ఒడ్డున కొబ్బరితోట ఉంది. గాలాగగానే మనిషిని పంపి చూసి రమ్మనొచ్చా?"

"పంపకండి సార్. ఆగింది కదా అని బయటికెళ్లినోళ్లే పోతారు. కన్ను దాటాక గాలి రెండోపక్క నుంచి మల్లీ వస్తాది."

"ఊఁ" అన్నారు ప్రిన్సిపాల్ గారు, చాలా నెమ్మదిగా.

గంట కొట్టారు. అందరికంటే ముందు తెలివి తెచ్చుకున్నది బెహరా గారే. నిబంధనల పుస్తకం తిరగేసి, ముఖం తుడుచుకున్నారు. పాఠం విని అర్థం చేసుకున్న ప్రతివారూ రుసుము కట్టాలి. తెరిచిన కిటికీల గుండా వినిపిస్తే అది బహిరంగ ప్రసారం, కిటికీలు తెరిపించినవారు వరండాలో ఉన్నవాళ్లందరి రుసుమూ కట్టాలి. కిటికీలు తెరవమన్నది అధ్యక్షులు, అంటే ప్రిన్సిపాల్ గారే.

ప్రిన్సిపాల్ గారు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించారు. తరవాత తీర్మానం చెప్పి రాయించారు. "ఇందు హాజరైన సభ్యులెవరికినీ, అధ్యక్షులతో సహా, పాఠము ఏమియు అర్థము కాలేదని ఏకగ్రీవముగా ధ్రువీకరించడమైనది."

బెహరా గారు రాస్తూ రాస్తూ కలం ఆపి, అధ్యక్షుల వారి డాక్టరేటు బంగాళాఖాతం తుఫానుల మీదే కదా, ఆ సంగతి కూడా నమోదు చెయ్యాలా అని మెల్లగా అడిగారు. అవసరం లేదన్నారు ప్రిన్సిపాల్ గారు.

అంతమందికి అర్థం కానిది నాకు మాత్రం ఎలా అర్థమవుతుంది? నా సర్టిఫికెట్ నిలబడింది. పాఠాలు నిలబడ్డాయి. ఇక మిగిలింది వరండాలో పిల్లలు. వాళ్లకి అర్థమైందంటే రుసుము ప్రిన్సిపాల్ గారి నెత్తిన పడుతుంది. అందుకని వాళ్లందరికీ కూడా ఏమీ అర్థం కాలేదని సీలు వేసి తలా ఒక సర్టిఫికెట్ ఇచ్చేశారు. అల్పపీడనం తుఫానై ఒడిశా వైపు వెళ్లిపోయింది.

ఆ సర్టిఫికెట్ ఉంటే ఏమవుతుందో పిల్లలు సంఘం కంటే ముందే కనిపెట్టారు. అది ఉన్నవాళ్లు అనవగాహక శ్రోతలు. అనవగాహక శ్రోతలు పాఠం రికార్డవుతుంటే మాస్టారి ఎదుట కూర్చుని ఊరికే వినవచ్చు, నిబంధనల్లో ఉంది. మర్నాటి నుంచి ఆఫీసు ముందు క్యూ. భూగోళం పిల్లలే కాదు, ఫిజిక్సు వాళ్లూ చరిత్ర వాళ్లూ కూడా తమకి ఏమీ అర్థం కాదని రాయించుకున్నారు. ఆ సర్టిఫికెట్‌కి రుసుము పెడదామని బెహరా గారు అంటే, అర్థం కావడం లేదని మనమే సీలు వేసిచ్చి డబ్బు కూడా పుచ్చుకుంటే తల్లిదండ్రులు ఊరుకుంటారా అని ప్రిన్సిపాల్ గారు వారించారు. పోస్టుమాన్ గారు కూడా వచ్చారు గాని, ఆయనకి మాత్రం ఇవ్వలేదు.

ఇన్‌స్పెక్షన్ బృందం వచ్చిన రోజు తవిటినాయుడు మాస్టారి ఆఖరి పాఠం. పాముల సీసాల గది చాలక పెద్ద హాల్లోకి మార్చారు. బెంచీలు నిండి పిల్లలు గోడవారన నిలబడ్డారు. ఈసారి పట్టుబట్టి సర్టిఫికెట్ సంపాదించుకున్న దాలమ్మ నా పక్కనే కూర్చుంది. మాస్టారు సగం మాట అనడం, ఊఁ అని హాలంతా మోగడం. బృందం వాళ్లు అలాంటి క్లాసు ఈ జిల్లాలోనే చూడలేదని చెవులు కొరుక్కున్నారు.

పాఠం అయిపోయింది. మాస్టారు చేతికంటిన సుద్ద దులుపుకుని, అలవాటుగా అడిగారు.

"అర్థమయిందా?"

"అర్థం కాలేదు సార్" అన్నారు హాల్లో ఉన్నవాళ్లందరూ ఒకే గొంతుతో.

బృందం పెద్దాయన ఉలిక్కిపడి ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు. ప్రిన్సిపాల్ గారు పైకప్పు వైపు చూశారు. మాస్టారు మాత్రం ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. అందరితో పాటు నేనూ అన్నానో లేదో చూస్తున్నారని తెలిసింది.

అర్థం కాలేదు బావూ అని అందరికంటే గట్టిగా అన్నాను.

ఆయన ముఖం ఈసారి వాడలేదు. మళ్లీ సుద్దముక్క తీసుకుని, నవ్వాపుకుంటూ బోర్డు వైపు తిరిగారు.